హాయెదే: రేడియోలో పుట్టి, క్యాసెట్లో బతికిన గొంతు

1968లో టెహ్రాన్ రేడియోలో ఒక కొత్త గొంతు వినిపించింది. ఆడగొంతే, కానీ అప్పటికి జనానికి అలవాటైన ఆడగొంతుల తీరు వేరు. ఇది మంద్రంలో మొదలై, ఛాతీ నిండా ఊపిరి పట్టి, ఏమాత్రం తొందర లేకుండా పైకి లేచే గొంతు. పాట పేరు ‘ఆజాదే’. బాణీ కట్టింది అలీ తజ్విదీ అనే వయొలిన్ విద్వాంసుడు. సాహిత్యం రహీ మొఅయ్యరి అనే పేరుమోసిన కవిది. ఆ ఏడాది చివర్లోనే ఆయన కన్నుమూశారు. పాడినావిడ అసలు పేరు మాసూమే దదేబాలా. రేడియోలో పెట్టుకున్న పేరు హాయెదే. అప్పటికి ఆవిడకు ఇరవయ్యారేళ్లు.

ఆ తర్వాత ఇరవై రెండేళ్లపాటు ఆవిడ పాడారు. శాస్త్రీయ సంగీతం నేర్చుకుని, శాస్త్రీయ బృందంతో తొలి అడుగు వేసి, కొన్నేళ్లకే పాప్ పాటలోకి నడిచారు. గిటార్లు, డ్రమ్ములు, చివరి రోజుల్లో సింథసైజర్లు కూడా ఆవిడ వెనక మోగాయి. ‘పాడైపోయింది’ అన్నవాళ్లకు లోటు లేదు. నా అభిప్రాయం మాత్రం వేరు. ఇరాన్ శాస్త్రీయ గానంలోని జీవస్వరాలను మామూలు జనం వంటిళ్లలోకి, కార్లలోకి, పెళ్లిపందిళ్లలోకి మోసుకెళ్లింది ఈవిడ పాడిన పాప్ పాటలే. రేడియో తలుపు ఆడవాళ్లకు మూసుకున్న రోజుల్లో ఆ గానాన్ని బతికించిన వాటిల్లో వాటికీ పెద్ద వాటా ఉంది. ఎందుకలా అంటున్నానో ఈ కాసేపట్లో చెబుతాను.

ముందు ఆ రేడియో సంగతి చెప్పాలి. టెహ్రాన్ రేడియో 1940లో మొదలైంది. 1956లో దావూద్ పిర్నియా అనే పెద్దమనిషి అందులో ‘గొల్హా’ పేరుతో ఒక కార్యక్రమం తలపెట్టారు. గొల్హా అంటే పువ్వులు. పాత కవుల గజళ్లు చదివి వినిపించడం, వాటిని పాడించడం, మంచి వాద్యకారుల చేత వాయింపజేయడం, అంతే ఏర్పాటు. కానీ పిర్నియా నాణ్యత దగ్గర రాజీ పడే మనిషి కాదు. రూహొల్లా ఖాలెఖీ, జవాద్ మారూఫీ లాంటి హేమాహేమీలు అక్కడి వాద్యబృందాన్ని నడిపారు. బనాన్, మర్జియే, దెల్కష్ లాంటి గాయకులు పాడారు. 1979 దాకా, ఇరవై మూడేళ్లపాటు, ‘నిత్య పుష్పాలు’, ‘రంగురంగుల పువ్వులు’, ‘పచ్చని ఆకు’ అంటూ రకరకాల శీర్షికలతో ఇది సాగింది. మొత్తం సుమారు 850 గంటల నిడివి. జేన్ లూయీసన్ అనే పరిశోధకురాలు పూనుకుని వాటిని పోగుచేసి, డిజిటల్ రూపంలో భద్రపరిచారు. రేడియోలో పనిచేసే ప్రతివాళ్లూ ఆ పనికి చేతులెత్తి దణ్ణం పెట్టాలి. ప్రసారమైన మాట గాలిలో కలిసిపోతుందని మనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఆ గొల్హా కార్యక్రమాల్లో ఆడవాళ్లు మగవాళ్లతో సమానంగా పాడారు. అది ఊరికే వచ్చిన సమానత్వం కాదు. దాని వెనక ఖమర్ ఉన్నారు. ఖమరొల్ మొలూక్ వజీరీ, 1905లో పుట్టారు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోతే అమ్మమ్మ పెంచింది. ఆ అమ్మమ్మ ఆడవాళ్ల సభల్లో శోకగీతాలు పాడే ఆవిడ. రాణివాసంలో కూడా పాడింది. మనవరాలు ఆమె పక్కన కూర్చుని గొంతు కలిపేది. అలా అబ్బిన గొంతుకు మొర్తెజా నెయ్‌దావూద్ అనే తార్ విద్వాంసుడు శాస్త్రం నేర్పారు. 1924లో టెహ్రాన్‌లోని గ్రాండ్ హోటల్ వేదిక మీద ఖమర్ ముసుగు లేకుండా నిలబడి, ఆడా మగా కలిసి కూర్చున్న సభలో పాడారు. ఇంకెప్పుడూ ముసుగు లేకుండా పాడనని తర్వాత పోలీసులు ఆవిడ చేత రాయించుకున్నారని చెబుతారు. ఆవిడ పాడడం ఆపలేదు. గ్రామఫోన్ రికార్డులిచ్చారు, రేడియోలో పాడారు, సంపాదించిందంతా లేనివాళ్లకు పంచిపెట్టి 1959లో పేదరాలిగా పోయారు. హాయెదే మైకు ముందుకు వచ్చేనాటికి ఆ దారి వేసి ఉందంటే ఇలా వేసి ఉంది.

ఇక ఆ సంగీతం ఎలాంటిదో కొంచెం విప్పి చెబుతాను. మన రాగాలు తెలిసిన చెవికి ఇది కష్టం కాదు.

ఇరాన్ సంగీతంలో ఏడు దస్త్‌గాహ్‌లు ఉంటాయి. షూర్, సెగాహ్, చహార్‌గాహ్, మాహూర్, హొమాయూన్, నవా, రాస్త్ పంజ్‌గాహ్. వీటికి అనుబంధంగా దష్తీ, అబూ అతా, అఫ్షారీ, బయాతె తోర్క్, బయాతె ఇస్ఫహాన్ అని మరో ఐదు ఉంటాయి. ఒక్కో దస్త్‌గాహ్ కింద గూషేలు అనే చిన్న చిన్న స్వరసంచారాలు ఉంటాయి. వాటన్నిటినీ ఒక వరసలో పేర్చిన పాఠాన్ని రదీఫ్ అంటారు. శిష్యుడు గురువు ఎదుట కూర్చుని అందులోని రెండు వందల పైచిలుకు గూషేలను కంఠతా పట్టాలి. మనోధర్మం ఆ తర్వాతే. మాహూర్ స్వరాలు వింటే మన శంకరాభరణం గుర్తుకొస్తుంది. బయాతె ఇస్ఫహాన్‌లో కీరవాణి ఛాయ కనిపిస్తుంది. చహార్‌గాహ్ మాయామాళవగౌళను తలపిస్తుంది, కాకపోతే అక్కడి రిషభం, ధైవతం మనవాటి కంటే కాస్త పైన పలుకుతాయి.

ఆ ‘కాస్త పైన’ దగ్గరే అసలు సంగతి ఉంది. మనకు సాధారణ గాంధారం ఉంది, అంతర గాంధారం ఉంది. హార్మోనియం మీద అవి రెండు పక్కపక్క మెట్లు. ఆ రెంటికీ నడుమ, ఏ మెట్టుకీ దొరకని చోట, ఇంకో గాంధారం నిలిచి ఉందనుకోండి. గమకంలో అలా తాకి వెళ్లిపోవడం కాదు, నిలబెట్టి పాడే స్వరం. ఇరాన్ వాళ్లు అలాంటి స్వరస్థానాన్ని రాసేటప్పుడు వేసే గుర్తు పేరు కొరోన్. దానికి ఆ పేరు పెట్టింది అలీ నఖీ వజీరీ అనే సంగీతజ్ఞుడు. సెగాహ్‌లో పాట తిరిగి తిరిగి వచ్చి సేదతీరే స్వరం అలాంటి నడిమి స్వరమే. దాన్ని తీసేస్తే సెగాహ్ లేదు.

1940లో, అంటే టెహ్రాన్ రేడియో మొదలైన ఏడాదే, మన ఆకాశవాణి హార్మోనియంను నిషేధించింది. మన గమకాలను, సూక్ష్మశ్రుతులను అది పలికించలేదని వాదన. మూడు దశాబ్దాలపాటు ఆ నిషేధం నడిచింది. ఇరాన్‌లో ఇదే చిక్కు పియానోతో వచ్చింది. అక్కడ మొర్తెజా మహ్‌జూబీ అనే ఆయన వేరే దారి పట్టారు. పియానో తీగల శ్రుతినే మార్చేసి, నడిమి స్వరాలు పలికేలా బిగించుకుని గొల్హాలో వాయించారు. ఆ రికార్డింగులు వింటే పియానో సంతూర్‌కు దగ్గరి చుట్టంలా వినిపిస్తుంది. వాద్యాన్ని వెళ్లగొట్టే బదులు దానికి తమ భాష నేర్పడం నాకు ఎంతో నచ్చిన పద్ధతి.

ఇంకొకటి తహ్రీర్. పాటలో మాట అయిపోయాక, ఒక్క అచ్చును పట్టుకుని గాయకులు గొంతును గబగబా విరుస్తారు. అసలు స్వరం పలుకుతూనే, రెప్పపాటులో గొంతు పై స్వరాన్ని తాకి కిందికి వచ్చేస్తుంది. వెంటనే మళ్లీ. మళ్లీ. మన బిర్కాలకు, తానాలకు ఇదే పోలిక అనలేం, ఎందుకంటే ఇక్కడ స్వరానికీ స్వరానికీ నడుమ గొంతులో ఒక చిన్న విరుపు ఉంటుంది. బుల్‌బుల్ పిట్ట కూత అలా ఉంటుందని ఇరాన్ వాళ్ల మాట. సన్నని, ఎత్తైన గొంతులకు ఇది తేలిగ్గా పలుకుతుంది. బరువైన మంద్రగొంతుతో చేయడం చాలా కష్టం. హాయెదే గొంతు అచ్చంగా ఆ బరువైన రకం. పాశ్చాత్యులు కంట్రాల్టో అనే, ఆడవాళ్లలో అరుదుగా ఉండే స్థాయి. ఆ గొంతుతో ఆవిడ తహ్రీర్ తీస్తే ఒక్కో విరుపూ విడివిడిగా, గుండ్రంగా వినిపిస్తుంది. వేగం కోసం ఏ ఒక్కదాన్నీ మింగేయరు.

తాళం లేకుండా, వెనక ఒక్క వాద్యం తోడుగా, గజల్‌ను ఇలా పాడడాన్ని ఆవాజ్ అంటారు. మన ఆలాపన, పద్యం పాడే పద్ధతి, రెండూ కలిస్తే ఎలా ఉంటుందో అలా అనుకోవచ్చు. హాఫిజ్, సాదీ, మౌలానా రూమీ పద్యాలే ఎక్కువ. హాఫిజ్‌కు మన దక్కనుతో ఒక కథ ఉంది. బహమనీ సుల్తాను ఆహ్వానిస్తే ఆయన షీరాజ్ నుంచి బయల్దేరి, హోర్ముజ్ రేవులో ఓడెక్కి, తుఫాను చూసి బెదిరి దిగిపోయాడనీ, మనిషికి బదులు ఒక గజల్ పంపాడనీ ఫెరిష్తా అనే చరిత్రకారుడు రాశాడు. తర్వాత రెండు శతాబ్దాలకు గోల్కొండ సుల్తానుల దగ్గర మంత్రిగా చేసి, హైదరాబాదు నిర్మాణానికి రూపకల్పన చేసిన మీర్ మొమిన్ కూడా ఇరాన్‌లోని అస్తరాబాద్ నుంచి వచ్చినాయనే. ఆ కవిత్వం మనకు మరీ పరాయిది కాదు, దాని పాట మాత్రం మన చెవిన అంతగా పడలేదు.

సరే, హాయెదే దగ్గరికి వద్దాం. పుట్టింది టెహ్రాన్‌లో, 1942 ఏప్రిల్ 10న. విచిత్రమేమిటంటే ఆవిడ కంటే ముందు ఆవిడ చెల్లెలు రేడియోకెక్కింది. మహస్తీ, అక్క కంటే నాలుగేళ్లు చిన్న. 1960ల మొదట్లోనే గొల్హాలో పాడి పేరు తెచ్చుకుంది. మహస్తీది మెత్తని, లాలిత్యం ఉన్న గొంతు. అక్కది నిండుకుండ. అక్క తజ్విదీ దగ్గర శిక్షణ పొందింది. తజ్విదీ మంచి గురువు, గాయనుల గొంతు తత్వాన్ని పట్టుకోవడంలో దిట్ట. ‘ఆజాదే’ బాణీ హాయెదే గొంతును ముందు పెట్టుకుని కట్టినట్టే ఉంటుంది. కింది స్థాయిలో ఆవిడకున్న బలాన్ని ముందుగా చూపించి, పైకి వెళ్లడాన్ని ఆఖరికి అట్టేపెడుతుంది.

అదే 1968లో ఇరాన్‌లో ఇంకో పని కూడా జరిగింది. సంప్రదాయ సంగీత పరిరక్షణ కోసం దారియూష్ సఫ్వత్ నాయకత్వంలో ఒక కేంద్రం పెట్టారు. రేడియోలో వాద్యబృందాల హంగు ఎక్కువై సంగీతం పల్చబడుతోందని వాళ్ల ఆవేదన. తిరిగి రదీఫ్ దగ్గరికి వెళ్లాలన్నారు. అక్కడ తయారైనవాళ్లలో పరీసా అనే గొప్ప గాయని ఉన్నారు. చెక్కుచెదరని శాస్త్రీయ గానం ఆవిడది. హాయెదే, పరీసా ఇద్దరి గానమూ నాకు ప్రాణమే. ఒకరిని మెచ్చుకోవాలంటే ఇంకొకరిని తగ్గించాలన్న రివాజు నాకు గిట్టదు. కానీ రెండు దార్లు ఒకే ఏడాది విడిపోయాయన్నది గుర్తుంచుకోవాలి. ఒకటి సంగీతాన్ని కాపాడే దారి, రెండోది దాన్ని బజారులోకి పంపి అక్కడ నిలదొక్కుకోమనే దారి.

1970లు ఇరాన్‌లో పాప్ పాటకు మహర్దశ. టెలివిజన్ విస్తరించింది, క్యాసెట్ వచ్చింది, గూగూష్ అనే అద్భుతమైన గాయని యువతరాన్ని ఒక ఊపు ఊపుతోంది. గూగూష్‌ది పుట్టుకతోనే పాప్. హాయెదే సంగతి అలా కాదు, అటు నుంచి ఇటు వచ్చిన మనిషి. ఫెరెయ్‌దూన్ ఖొష్నూద్, జహాన్‌బఖ్ష్ పాజూకీ, అనూషీర్వాన్ రొహానీ, మొహమ్మద్ హైదరీ లాంటి స్వరకర్తలు ఆవిడకు పాటలు కట్టారు. వీళ్లలో రొహానీ గురించి ఒక ముక్క చెప్పాలి. ఈ రోజుకీ ఇరానీయులు పుట్టినరోజు నాడు కేకు ముందు నిలబడి పాడుకునే పాట ఆయన కట్టిందే. అంతగా జనం నాడి తెలిసిన మనిషి హాయెదేకు ‘గొలె సంగ్’ పాట ఇచ్చారు. రాతిపువ్వు అని దాని అర్థం. సాహిత్యం బీజన్ సమందర్‌ది. బాణీ వినగానే నోటికి పట్టుకుంటుంది, ఎవరైనా కూనిరాగం తీయొచ్చు. ఆవిడ పాడినట్టు పాడదామని కూర్చుంటే మాత్రం మొదటి చరణంలోనే ఊపిరి చాలదు.

‘సోఘాతీ’ ఇంకా పెద్ద పాట. ప్రయాణం నుంచి వచ్చేవాళ్లు తెచ్చే కానుక అని ఆ మాటకు అర్థం. రాసింది అర్దలాన్ సర్ఫరాజ్, బాణీ మొహమ్మద్ హైదరీది. హైదరీ స్వతహాగా సంతూర్ విద్వాంసుడు. వింటే ఆ సంగతి తెలుస్తుంది. ఎదురుచూపు పాట అది. వచ్చే మనిషి రాకే ఆ ఇంటికి కానుక. ఈ పాటను కొంచెం దగ్గరగా చూద్దాం. ముందు వయొలిన్లు గుంపుగా వచ్చి దారి తీస్తాయి. లయ నింపాదిగా ఉంటుంది, ఎగిరి గంతులేసే పాప్ కాదు. హాయెదే మొదటి మాటలను దాదాపు మాట్లాడినట్టే అంటారు. స్వరం కదలదు, ఒట్టి మాట బరువే. రెండో వాక్యానికి ఆ మాటల చివర్న చిన్న వణుకు చేరుతుంది. వాక్యం ముగిసేచోట తాళం తన దారిన తాను వెళ్తుంటే, ఆవిడ అర మాత్ర ఆగి, తర్వాత దిగుతారు. ఈ ఆగడమే ఆవాజ్ నేర్పిన విద్య. తాళం లేని గానంలో పద్యానికి ఎక్కడ ఊపిరి కావాలో గాయనే నిర్ణయించుకోవాలి. ఆ తీర్పు చెప్పడం అలవాటైన గొంతు, తాళం ఉన్నచోట కూడా తాళానికి బానిస కాదు.

ఇప్పుడు ఆ నడిమి స్వరం సంగతి. గిటారుకు మెట్లుంటాయి, ఆర్గానుకు మీటలుంటాయి. పాప్ బృందం వెనక ఉంటే సెగాహ్ లాంటి దస్త్‌గాహ్ పాడడం ఇబ్బంది. అందుకే పాప్ స్వరకర్తలు ఎక్కువగా ఇస్ఫహాన్ వైపు, మాహూర్ వైపు మొగ్గుతారు. కీరవాణి, శంకరాభరణం మెట్ల మీద హాయిగా ఒదిగినట్టే అవీ గిటారు మెట్ల మీద ఒదుగుతాయి. అంటే పాప్‌లోకి వచ్చేసరికి ఇరాన్ సంగీతం తన ఇంట్లోని కొన్ని గదులకు తాళం వేసుకోవాల్సి వస్తుంది. ఇది నిజమైన నష్టం. దాన్ని దాచిపెట్టి ‘కలయిక’ అని పొగడడం నాకిష్టం లేదు. హాయెదే గొప్పతనమేమిటంటే, మిగిలిన గదుల్లో దీపం పెట్టడానికి కావలసినవన్నీ గొంతులో తెచ్చుకున్నారు. తహ్రీర్ వదల్లేదు, మాటకు మాటకు నడుమ నిదానం వదల్లేదు. గొల్హా రోజుల శాస్త్రీయ పాటలనూ పక్కన పడేయలేదు. పాప్ పాట మీద మోజుతో వచ్చిన కుర్రకారు ఆ గొంతు వెంటపడి పాత పాటల దాకా వెళ్లారు.

1978 ఆగస్టు చివర్లో, దేశంలో ఉద్యమం ఉద్ధృతమవుతున్న రోజుల్లో, హాయెదే ఇంగ్లండు వెళ్లారు. మళ్లీ స్వదేశంలో అడుగు పెట్టలేదు. మరుసటి ఏడాది ఇస్లామిక్ విప్లవం వచ్చింది. గొల్హా ఆగిపోయింది. ఆడగొంతు ఒంటరిగా, మగవాళ్లు వినేలా పాడడానికి వీల్లేదన్నారు. బృందగానంలో కలిసి పాడొచ్చు, ఆడవాళ్లే ఉన్న సభలో పాడొచ్చు, రేడియోలో మాత్రం సోలో పాట లేదు. ఖమర్ నుంచి హాయెదే దాకా యాభై ఏళ్లకు పైగా పోగుపడిన గానం ఒక్కసారిగా ప్రసారం నుంచి మాయమైంది. రేడియోలో పనిచేసిన మనిషిగా ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నా కడుపు తరుక్కుపోతుంది. అలమారల్లో టేపులున్నాయి, వినేవాళ్లు ఇళ్లలో ఉన్నారు, నడుమ ఉన్న గాలిని మూసేశారు.

అప్పుడు క్యాసెట్ పని మొదలైంది. హాయెదే మూడేళ్లు ఇంగ్లండులో ఉండి, 1982లో అమెరికా చేరి లాస్ ఏంజెలెస్‌లో స్థిరపడ్డారు. ఇరాన్ విడిచి వచ్చినవాళ్లు అక్కడ పెద్ద సంఖ్యలో ఉండేవాళ్లు. గాయకులు, స్వరకర్తలు, కవులు చాలామంది అక్కడికే చేరారు. స్టూడియోలు, పర్షియన్ టీవీ కార్యక్రమాలు పుట్టాయి. అక్కడ తయారైన క్యాసెట్లు చాటుమాటుగా ఇరాన్ చేరేవి. ఒక కాపీ నుంచి ఇంకో కాపీ, దాన్నుంచి మరొకటి. అలా పదో కాపీకి వచ్చేసరికి వాద్యాలన్నీ కలగాపులగమై, మీద బరబరమనే శబ్దం చేరి, గొంతొక్కటే తేలుతుంది. హాయెదే గొంతు అంతటి అరుగుదలకూ తట్టుకుంది. దానికి కారణం శిక్షణే. మంద్రంలో కూడా మాట ముద్ద కాకుండా, ప్రతి అక్షరం తేటగా పలికే అలవాటు ఆవిడది.

లాస్ ఏంజెలెస్ రికార్డింగుల గురించి నా మనసులో మాట చెబుతాను. కొన్ని పాటల వెనక వాద్యాలు నాకు నచ్చవు. వయొలిన్ విద్వాంసుల బృందం చోట ఒక సింథసైజర్, తొంబక్ చోట డ్రమ్ మెషిన్. ప్రవాసంలో పెద్ద బృందాన్ని పెట్టుకునే స్తోమత ఎవరికుంది? ఆ కాలపు సింథసైజర్ మోత ఇప్పుడు వింటే రేకు మీద గరిట కొట్టినట్టుంటుంది. అయినా అదే రోజుల్లో సాదెఖ్ నొజూకీ ఇచ్చిన ‘రూజ్‌హాయె రొషన్’ వినండి. వెలుగు నిండిన రోజులకూ, పుట్టిన నేలకూ వీడ్కోలు చెప్పే పాట. దేశం విడిచినవాళ్లకు అదొక జాతీయగీతంలా అయిపోయింది. అందులో హాయెదే ఏడవరు. ఏడుపు గొంతు పెట్టి పాడడం తేలిక, విన్నవాళ్లు కరగడమూ తేలిక. ఆవిడ తలెత్తి పాడతారు. వీడ్కోలు మాట వచ్చినచోట స్వరాన్ని ఇంకాస్త నిటారుగా నిలబెడతారు.

అప్పటి టీవీ రికార్డింగులు చూస్తే ఆవిడ దాదాపు కదలరు. నిండైన మనిషి, మెరుపుల గౌను, చేతిలో మైకు. డాన్సు లేదు, అటూ ఇటూ నడవడం లేదు. ఎడమ చేయి అప్పుడప్పుడు మెల్లగా పైకి లేస్తుంది, స్వరం ఎటు వెళ్తోందో చూపిస్తున్నట్టు. కచేరీ వేదిక మీద మన విద్వాంసురాళ్లు చేతితో గమకం చూపిస్తారు కదా, అలాగే. వెనక రంగు లైట్లు వెలుగుతున్నా ఆవిడ కూర్చున్నది మాత్రం గురువు ఎదుటేనేమో అనిపిస్తుంది.

మధుమేహం, రక్తపోటు ఆవిడను చాలాకాలం బాధించాయి. అయినా కచేరీలు మానలేదు. 1990 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర కాసాబ్లాంకా అనే క్లబ్బులో పాడారు. ఆ మర్నాడు, జనవరి 20న, గుండెపోటుతో కన్నుమూశారు. నలభై ఏడేళ్లు. లాస్ ఏంజెలెస్‌లోని వెస్ట్‌వుడ్ శ్మశానవాటికలో సమాధి చేశారు. మెరిలిన్ మన్రో సమాధి ఉన్నదీ అక్కడే. 2007లో పోయిన చెల్లెలు మహస్తీ కూడా అక్కడే ఉంది. 2009లో పెజ్మాన్ అక్బర్‌జాదే అనే సంగీతజ్ఞుడు నెదర్లాండ్స్‌లో ఉంటూ హాయెదే మీద ఒక డాక్యుమెంటరీ తీశారు.

ఆవిడ వేసిన దారిలో తర్వాత చాలామంది నడిచారు, ఎవరి తీరు వారిది. ఆజమ్ అలీ టెహ్రాన్‌లో పుట్టి, చిన్నతనమంతా మన మహారాష్ట్రలోని పంచగనిలో చదువుకుని, తర్వాత అమెరికాలో సంతూర్ నేర్చుకున్నారు. నియాజ్ అనే బృందంతో పాత సూఫీ పద్యాలను ఎలక్ట్రానిక్ వాద్యాలతో పాడారు. మహ్సా వహ్‌దత్ నార్వే సంస్థ ద్వారా ఆల్బమ్‌లు ఇచ్చారు, అమెరికన్ బ్లూస్ గాయకుడు మైటీ శామ్ మెక్‌క్లెయిన్‌తో కలిసి పాడారు. ఒకరు ఆవాజ్, ఒకరు బ్లూస్. ఇద్దరూ ఎవరి భాషలో వాళ్లు పాడుతుంటే దుఃఖం ఒక్కటే అయి వినిపిస్తుంది.

2024 డిసెంబరు 11న పరస్తూ అహ్మదీ అనే యువగాయని ఇరాన్‌లోనే, ఎడారిలోని దెయ్‌రె గచీన్ అనే పాతకాలపు సత్రం ఆవరణలో, తలమీద ముసుగు లేకుండా, నలుగురు మగ వాద్యకారులతో కచేరీ చేశారు. ఎదురుగా ప్రేక్షకులు లేరు. యూట్యూబ్‌లో ప్రసారం చేశారు. మూడు రోజుల్లోనే ఆవిడను అరెస్టు చేసి, తర్వాత వదిలిపెట్టారు. కేసు నమోదైంది. ఆ కొద్దిరోజుల్లోనే పది లక్షల మందికి పైగా దాన్ని చూశారు. ఆవిడ పాడినవాటిలో నూరేళ్ల నాటి ఆరెఫ్ ఖజ్వీనీ అనే కవి పాట కూడా ఉంది. పియానో, గిటారు వెనక వాయిస్తుండగా, ఇరాన్ నేల మీద నిలబడి, ఒక ఆడమనిషి ఒంటరిగా ఆ పాట అందుకుంది. గ్రాండ్ హోటల్‌లో ఖమర్ పాడిన ఏడాదికి అది సరిగ్గా నూరో ఏడు.

మీకు ఆసక్తి కలిగితే వినడానికి ఒక వరస చెబుతాను. ముందు ‘ఆజాదే’ వినండి, గొల్హా బృందంతో పాడినదే. వాద్యాల సంగతి వదిలేసి, వాక్యం చివర్న ఆవిడ అచ్చు మీద ఎంతసేపు నిలబడతారో గమనించండి. తర్వాత ‘గొలె సంగ్’, ఆ తర్వాత ‘సోఘాతీ’. ఆఖర్న ‘రూజ్‌హాయె రొషన్’. వెనక వాయించే వాద్యాలు ఒక్కో పాటకూ మారిపోతూ, చివరికి మీటలూ బటన్లూ మిగులుతాయి. మీరు మాత్రం ‘ఆజాదే’లో విన్న ఆ తహ్రీర్ విరుపుల కోసం వెతకండి. నాలుగో పాటలో అవి ఎక్కువ ఉండవు, ఒకటి రెండు చోట్లే. పదాలు అర్థం కాకపోయినా, మన కచేరీలు విన్న చెవికి అవి ఎక్కడున్నాయో ఇట్టే తెలిసిపోతుంది. సెగాహ్‌లోని ఆ నడిమి గాంధారం కూడా వినాలనిపిస్తే పరీసా పాడిన సెగాహ్ దొరుకుతుందేమో చూడండి. పక్కన హార్మోనియం ఉంటే సాధారణ గాంధారం, అంతర గాంధారం రెండు మెట్లూ నొక్కి చూసి, ఆ రెంటికీ నడుమ ఆవిడ ఎక్కడ నిలబడ్డారో మీరే పోల్చుకోవచ్చు.